చేతి వెనక పక్క

వార్డు సిస్టరమ్మ చనిపోయిందని నాతో నర్సు శిక్షణలో చదివిన దోస్తు ఫోన్ చేసి చెప్పింది. "పోతవా?" అని అడిగింది. "నేనెందుకు పోవాలె?" అన్నాను. ఫోన్ పెట్టేసి గద్వాల బస్టాండుకు నడిచాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నా చేత కాదు. ఉన్నదే రాస్తాను.

శిక్షణలో చేరిన కొత్తలోనే మమ్మల్ని వార్డులోకి తోలారు. పాఠాలు చెప్పే మేడం గేటు దాకా వచ్చి వెనక్కి పోయేది. క్లాసులో ప్లాస్టిక్ చేతికి సూది వేసినవాళ్లం; ఇక్కడ మనుషులు అరుస్తారు. వార్డు మొత్తానికి ఒకటే థర్మామీటరు, అదీ సిస్టరమ్మ బీరువాలో, తాళం వేసి. "పలిగితే మల్ల ఎప్పుడొస్తదో దేవునికెరుక" అనేది. అందుకని నుదుటి మీద చెయ్యి పెట్టడం, చల్లగా ఉంటే చార్టులో తొంభై ఎనిమిది పాయింట్ ఆరు రాసెయ్యడం. కాలితేనే బీరువా తెరిచేది.

ఆ చెయ్యి పెట్టడం నేర్పింది ఆమే. నేను అరచెయ్యి ఆనిస్తే మణికట్టు పట్టి తిప్పింది. "వెనక పక్క పెట్టు పిల్లా. అరచెయ్యి పని చేసి చేసి మొద్దువారి ఉంటది, అబద్ధం చెప్తది." రోగికి నరం దొరకక నేను ఏడుస్తుంటే తన చెయ్యే చాచింది. "నాకు పొడువు. నొస్తే తిడ్త, గంతే గద." రెండుసార్లు తప్పాను. నిజంగానే తిట్టింది. మూడోసారి దొరికితే, తన డబ్బాలోని జొన్నరొట్టె సగం విరిచి పెట్టింది. ఇంత చేసిన మనిషి కాబట్టే నాకింత మంట.

ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చిన బాలింత ఒకామె ఉండేది. ఒక పొద్దున ఆమె నుదురు కాలింది. థర్మామీటరు అడిగాను.

"తాళంచెవి ఇంట్ల మర్సొచ్చిన" అంది సిస్టరమ్మ మెల్లగా. "పెద్ద డాక్టరు వచ్చే యాళ్ల, జర పరేషాన్ చెయ్యకు. మామూలుగున్నదని రాసెయ్. మధ్యాహ్నం సూద్దాం."

రాశాను.

మధ్యాహ్నానికి బాలింత వణుకుడుకు ఇనుప మంచం చప్పుడు చేసింది. డాక్టరు చార్టు ఎత్తి పట్టాడు. "ఎవరు రాసిండ్రు ఇది?"

నేను సిస్టరమ్మను చూశాను. ఆమె నన్ను చూడలేదు.

"నేర్చుకునే పిల్ల సార్. దానికేం తెల్వదు."

బాలింత బతికింది. నా రికార్డు పుస్తకంలో ఆ వార్డు పేజీకి మాత్రం సిస్టరమ్మ సంతకం పడలేదు. సంతకం లేదని పరీక్షకు కూర్చోనియ్యలేదు. ఇప్పుడు గద్వాలలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో కట్లు కడతాను. పాత పుస్తకాలు తెచ్చుకుని నాకు నేనే చదువుకున్నాను. నర్సు అని ఎవరూ అనరు. తప్పు రాసింది నా చెయ్యే, ఒప్పుకుంటాను. మరి రాయమన్న నోరు?

తర్వాత ఒకసారి వనపర్తి బస్టాండులో ఎదురుపడింది. ఆ మాట ఎత్తుతుందేమోనని నిలబడ్డాను.

"తిన్నవా పిల్లా?" అంది.

"తిన్న" అన్నాను. తినలేదు. ఆమె సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని బస్సెక్కింది.

నేను బస్సు దిగి పోయేసరికి, పెద్దమందడిలో వాళ్లింటి వాకిట్లో సిస్టరమ్మను పడుకోబెట్టారు. పక్కన కూర్చున్న ముసలామె నన్ను అడిగింది, "ఏమైతవు బిడ్డా?"

"నేర్చుకునే పిల్లను" అన్నాను.

వంగి సిస్టరమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టాను. అరచెయ్యి. ఒక్క క్షణం ఆగి, తిప్పి, వెనక పక్క ఆనించాను. ఎవరో నా మణికట్టు పట్టుకుని లేపేదాకా అలాగే ఉంచాను.