తెల్ల పేజీ వచ్చేవాళ్లు లెక్కలో లేరు

చిన్నమ్మ ఫోన్ పైకెత్తి పట్టుకుని మిద్దె మెట్లెక్కుతుంటే ఎందుకో నాకు అర్థం కాలేదు. పుంగనూరులో ఆమె ఇంటి వాకిట్లోనే సిగ్నల్ నిండుగా ఉంది. ఆమె చూడాలనుకున్న మా పేజీ నా ఫోన్‌లో చిటికెలో తెరుచుకుంది.

"యాడికి చిన్నమ్మా?"

"పైన సిగ్నల్ బాగుంటాది. నీ టమోటా పేజీ వస్తా ఉండాది, ఇంగా రాలా."

ఫోన్ తీసుకుని చూశాను. అంతా తెల్లగా ఉంది. ఎంతసేపు నిలబడినా అది రాదు. కొడుకు కొత్తది కొనుక్కుని ఆమెకిచ్చిన పాత ఫోన్ అది. అందులో ఉన్నంత పాత బ్రౌజర్లలో మా వెబ్‌సైట్ పనిచేయనక్కర్లేదని ఆ వారమే తేల్చేశాం.

మదనపల్లెలో ఒక చిన్న కంపెనీకి నేను ఇంటి నుంచే పని చేస్తాను, పిల్లల్ని చూసుకుంటూ. సోమవారం నుంచి కుప్పంలో ఒక మండీకి టమోటా తెచ్చే రైతులు మా వెబ్‌సైట్‌లో టోకెన్ తీసుకోవాలి. టోకెన్ లేకపోతే బండి గేటు దాటదు. గుడుపల్లె పొలాల నుంచి వచ్చిన టమోటా గేటు బయట ఎండలో నిలబడితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అక్కడి నుంచే మేనేజర్‌కు ఫోన్ చేసి, పాత ఫోన్‌లో పేజీ రావడం లేదని చెప్పాను.

"వెబ్‌సైట్‌కు వచ్చినోళ్ల లెక్కలు సూసే కదమ్మా పాత బ్రౌజర్లను తీసేసింది? వాటితో ఒక్కరన్నా వచ్చినారా?"

"పేజీ తెరుచుకుంటేనే కదా సార్ మన లెక్కలోకి వచ్చేది."

"ఒక్క కంప్లైంట్ కూడా రాలేదే?"

"మా చిన్నమ్మ మిద్దెక్కతా ఉండాది సార్. సిగ్నల్ లేదనుకుంటాది గానీ మనకు ఫోన్ ఎందుకు చేస్తాది?"

ఆయన ఏదో అనేలోపే పక్కనుంచి చిన్నమ్మ అందుకుంది. "మీ సారును నాకొక కొత్త ఫోన్ కొనియ్యమను, పీడా పోతాది."

ధరలు చూపే బొమ్మలు, కదిలే ఫోటోలు తీసేసి, పేరు, ఊరు, ఎన్ని క్రేట్లో మాత్రం అడిగే సాదా పేజీ పెడదామన్నాను. అదైతే ఎంత పాత బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది.

"ఆ బొమ్మలు సూసే మండీ ఆయన ఒప్పుకునింది. అవి తీసేస్తే మనల్నే వద్దంటాడు. పని పోతే ముందు పొయ్యేది నీ కాంట్రాక్టే, సూసుకో."

ఆ జీతం లేకపోతే ఇల్లు గడవదని నాకు తెలుసు. అయినా అన్నాను.

"ఇప్పుడున్న పేజీకి నేను సరే అనను సార్."

"రేపు సాయంత్రానికి కొత్తది సూపించు. మండీ ఆయన్నడుగుతా. మాటియ్యలేను."

పేజీ పరీక్షించడానికి ఆమె ఫోన్‌తో పాటు, పిల్లల్ని చూసుకోవడానికి చిన్నమ్మను కూడా బస్సెక్కించుకుని మదనపల్లెకు వచ్చేశాను. దారి పొడవునా పాత బ్రౌజర్‌లో ఏది నడుస్తుందో, ఏది నడవదో అనే ఆలోచనే. పక్కన కూర్చున్న మా పాపను రెండుసార్లు ఊరికే కసురుకున్నాను.

పొద్దున పిల్లలు లేవగానే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను: "ఈ పొద్దు అమ్మను పిలవద్దండి. ఆకలైతే చిన్నవ్వను అడగండి. సాయంత్రానికి మండీ ఆయన సరే అంటే అమ్మ ఇట్లే పని చేసుకుంటాది. కాదంటే అమ్మకు పనే ఉండదు, అప్పుడు మీతోనే ఆడుకుంటాను. ఏదైనా సరే, మీరు భయపడొద్దండి."