అభయ అని పిలిచిన అక్క

మీ ఇంటి బిడ్డను పేరు పెట్టి పిలవడానికి మీరెప్పుడైనా వణికారా? మా అక్క వణికింది. మొన్న మంగళవారం కేతేపల్లిలో ఆమె కన్నుమూసింది. ఆ కబురు విన్నప్పటి నుంచి నా కూతురి పేరు పలకాలంటే నాకూ నోరు తడారిపోతోంది.

అచ్చంపేటలో మా ఇంట్లో ఇద్దరు పసివాళ్లు పేరు పడకుండానే పోయారు. తెలంగాణ వచ్చిన ఏడాది మూడో కాన్పులో ఆడపిల్ల. పురాణాలు చెప్పుకునే నేను, పిల్ల తుమ్మితే రక్ష కోసం గ్రంథం విప్పేవాణ్ణి. నా భార్య పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది.

తొట్టెలలో వేసే రోజు మా చిన్నమ్మ చాట తెచ్చింది. పిల్లలు నిలవని ఇంట్లో పసిగుడ్డును చాటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టి తీసి, పెంటమ్మ అని పిలవడం మా వైపు వాడుక. ఆ పేరు వింటే చావు చీదరించుకుని పోతుందని ఆశ. చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. అందరూ అక్క వైపు చూశారు.

అక్క చాటను పక్కకు జరిపి, పిల్లనెత్తుకుని, "అభయా" అంది.

"గీ పేరు యాడ దొరికిందే? ఫోన్ల చూసినవా?" అంది చిన్నమ్మ.

"గుళ్ల చూసిన. దేవుడు చెయ్యెత్తి ఏమంటున్నడు? భయపడకు అంటున్నడు. గదే అభయం."

"నువ్వే గజగజ వణుకుతున్నవ్, అభయనట!"

"ధైర్యమున్నోళ్లకు గా పేరెందుకు చిన్నమ్మా? మాకే కావాలె."

వినండి! పురాణాల్లో దేవుడు అభయమిచ్చిందెవరికి? శరణంటూ వణుకుతూ వచ్చినవాళ్లకే.

ఆ సాయంత్రమే పిల్లకు జ్వరం కాసింది. పేరు వల్లనే అన్నారు. దవాఖానలో నా చేతిలో గ్రంథం ఉంది గానీ అక్షరాలు కనబడలేదు. అక్క మాత్రం పిల్ల చెవిలో అదే పేరు చెబుతూ కూర్చుంది. తెల్లారేసరికి పిల్ల పాలు తాగింది.

అక్క భయం మాత్రం పోలేదు. రోజూ పొద్దున ఫోన్ చేసి "అభయా, ఉన్నవా?" అనేది. "ఉన్న అత్తా" అంటేనే చాయ తాగేది. ఒకరోజు పిల్ల ఆటపట్టిద్దామని పలకలేదు. మధ్యాహ్నానికి అక్క మా గడపలో ఉంది, కాళ్లకు రెండు రకాల చెప్పులతో.

అక్క మూడో దినానికి ఆమె పక్కింటి కోడలు నెలల కొడుకుతో వచ్చింది. ఆమెకూ తొలి బిడ్డ దక్కలేదు. పేరేమిటని అడిగాను.

"ఇంక పెట్టలే అన్నా. పెడితే యాడ పోతడో అని భయమైతాంది."

వాడు నా వైపే చూస్తున్నాడు, ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు.

మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉందా? భయం తీరాక పేరు పెడదామని ఆగకండి, అది తీరదు. మంచి రోజు వెతకకండి. లేవండి. ఈ పూటే ఆ బిడ్డను ఒళ్లోకి తీసుకోండి. వణుకుతూనే పిలవండి.