ముద్ద కలపడం నేర్పిన ఏడాది

అన్నం కలుపుకుని తినడం ఎంత కష్టమైన పనో నాకు మా అమ్మాయి వల్లే తెలిసింది. నాలుగు వేళ్లూ కలిసి మెతుకుల్ని దగ్గరకు లాగాలి. బొటనవేలు అడ్డం వచ్చి నొక్కాలి. ముద్ద వేళ్ల చివర నిలబడాలి. మణికట్టు తిరగాలి. నోటి దాకా వచ్చాక మళ్లీ ఆ బొటనవేలే ముద్దని లోపలికి నెట్టాలి. ఇన్ని పనులూ మనం టీవీ చూస్తూ, పక్కింటి వాళ్ల మీద చాడీలు చెప్పుకుంటూ చేసేస్తాం. మా అమ్మాయి బొటనవేలు మాత్రం అరచేతిలోకి ముడుచుకుని పడుకుంటుంది. లేపితే లేస్తుంది, వదిలితే మళ్లీ పడుకుంటుంది.

పుట్టగానే ఏడవలేదు అది. ఆ తర్వాత చాలా ఆసుపత్రులు తిరిగాం. అన్నిచోట్లా చెప్పిన మాట ఒకటే, ఎదుగుదల ఆలస్యం అని. ఆలస్యం అనే మాటని నేను మొదట్లో బాగా నమ్మాను. జగ్గయ్యపేట బస్టాండులో కూర్చుని ఎన్ని బస్సుల కోసం చూడలేదు, ఆలస్యమైతే అయింది, ఎప్పటికైనా వస్తుందిలే అనుకున్నాను. నడక అలాగే వచ్చింది. మాటలు కొన్ని వచ్చాయి. చేతులు రాలేదు.

మా ఆయన పెనుగంచిప్రోలు, పేట మధ్య ఆటో నడుపుతారు. నేను ఇంట్లో రవికలు కుడతాను. హుక్కులు, కాజాలు, చేతిపని ఏదైనా నా దగ్గరికే వస్తుంది. ఊళ్లో వాళ్లు నా చేతిపనిని మెచ్చుకుంటుంటే ఒక్కోసారి ఒళ్లు మండేది. నా కడుపున పుట్టినదానికి ఈ వేళ్లలో ఒక్కటైనా ఇవ్వలేకపోయాను, ఈ మెచ్చుకోళ్లు నాకెందుకు?

పిల్లకి ఆరేళ్లు నిండిన ఏడాది వీధి చివర ప్రైవేటు బడికి వెళ్లి హెడ్ మేడమ్‌ని అడిగాను. మంచావిడే. పిల్లని దగ్గరకు పిలిచి బుగ్గ నిమిరారు. "చదువు సంగతి నిదానంగా చూసుకుందామమ్మా. తన అన్నం తను తినాలి, బాత్రూముకి వెళ్లొస్తే తన బట్టలు తను సర్దుకోవాలి. మా ఆయా ఒక్కతే. బడి తెరిచేసరికి ఈ రెండూ నేర్పించి తీసుకురండి, చేర్చుకుంటాం" అన్నారు.

బట్టలు నాకొక లెక్క కాదు. హుక్కులున్న చోటల్లా తీసేసి ఎలాస్టిక్ వేశాను. రెండు చేతులతో పైకి లాగితే చాలు, నడుము మీద కూర్చునేవి. అన్నానికి ఎలాస్టిక్ వేయలేం కదా.

అది చదివి ఉద్యోగం చేయాలని నాకు ఆశ లేదు. నా భయమల్లా ఒకటే. నేను పోయాక దీనికి ముద్ద ఎవరు కలిపి పెడతారు? ఇలాంటి పిల్లల్ని కన్న తల్లులందరూ ఈ మాటే అనుకుంటారు, ఒకరితో ఒకరు అనుకోరు. నందిగామ థెరపీ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు మా అందరి మొహాల్లోనూ ఇదే ఉండేది. నోటితో మాత్రం బస్సులో రద్దీ గురించి మాట్లాడుకునేవాళ్లం.

వారానికి రెండుసార్లు నందిగామ వెళ్లేవాళ్లం. థెరపీ చేసే మేడమ్ చిన్నపిల్ల, పెళ్లి కూడా కాలేదు. ఓపిక మాత్రం ముసలమ్మలకున్నంత ఉండేది. గోధుమపిండి ముద్ద ఇచ్చి పిసకమనేది. సీసాలో శనగలు ఒక్కొక్కటే వేయించేది. బట్టలకు పెట్టే క్లిప్పులు అట్టముక్క అంచున పెట్టించేది. మా పిల్ల క్లిప్పుని నొక్కలేక నోటితో కొరికేది. "కొరకడం కూడా తెలివేనండి, పని అవ్వాలని చూస్తోంది కదా" అని నవ్వేది ఆ అమ్మాయి. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆ మేడమే ఒకరోజు లావు పిడి ఉన్న చెంచా ఇచ్చింది. ఇంటికి తెచ్చి చూపిస్తే మా అత్తగారు మొహం తిప్పుకున్నారు. "ఆసుపత్రిలో రోగిష్టోళ్ల లాగా చెంచాతో తినటమేందమ్మాయ్?" అన్నారు. ఆవిడ సంగతి సరే, పిల్లకే ఆ చెంచా నచ్చలేదు. ఇంట్లో అందరూ చేత్తో తింటుంటే తనకొక్కదానికే ఆ ఇనుప ముక్క ఎందుకని దాని అనుమానం. విసిరి గోడకు కొట్టింది. వెళ్లి చెబితే మేడమ్ కాస్త ఆలోచించి, "అయితే చేత్తోనే నేర్పిద్దామండి. ముందు జారనివి, తర్వాత జారేవి" అంది.

అక్కడి నుంచి మా వంటంతా పిల్ల వేళ్లని బట్టి నడిచింది. మొదట ఇడ్లీ తుంచడం. తర్వాత పెసరట్టు. ఆ తర్వాత కాస్త మెత్తగా వండిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి. అది అతుక్కుంటుంది, చెప్పిన మాట వింటుంది. పులుసు అన్నం కష్టం. మజ్జిగన్నం అన్నిటికన్నా ఆఖరు. నేనూ ఆ మేడమూ మజ్జిగన్నం గురించి పెద్ద పరీక్ష గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్లం.

నేర్పడం ఒక ఎత్తు, ఇంట్లో నేర్పనివ్వడం ఇంకో ఎత్తు. మన ఇళ్లలో చంటిదానికి అన్నం పెట్టడం ఒక్క తల్లి పని కాదు, అందరికీ అందులో వాటా ఉంటుంది. అందులోనూ ఇలాంటి పిల్ల అయితే ఇక చెప్పక్కర్లేదు. రవిక కొలతలు ఇవ్వడానికి వచ్చినావిడ కూడా పిల్ల పళ్లెం ముందు తంటాలు పడుతుంటే చూడలేక, చెయ్యి కడుక్కొచ్చి రెండు ముద్దలు పెట్టి వెళ్లేది. వద్దండీ అంటే నన్ను పురుగును చూసినట్టు చూసేది. మొహం నిండా మెతుకులతో పిల్ల కూర్చుని ఉంటే, పక్కనే చేతులు ముడుచుకుని కూర్చున్న తల్లి వాళ్లకి రాయిలా కనిపించేది. నేను ఆ రాయిలా కూర్చోవడానికి ఎంత ఏడ్చుకున్నానో వాళ్లకేం తెలుసు?

మా అత్తగారిది మరీ అన్యాయం. నేను మధ్యాహ్నం పళ్లెం పెట్టేలోపే పిల్లని వంటింట్లోకి తీసుకెళ్లి, ఆవకాయన్నం కలిపి, చందమామ కబుర్లు చెబుతూ కడుపు నింపేసేవారు. కడుపు నిండిన పిల్ల పళ్లెంలో చెయ్యి ఎందుకు పెడుతుంది? మెతుకులతో ఆడుకుని లేచిపోయేది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. దానికి ఆకలి వెయ్యనివ్వండి" అన్నాను ఒకరోజు.

"పసిదాన్ని పస్తు పెట్టి నేర్పే చదువు నాకు తెలవదమ్మా. నా చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్లు పెడతా."

"తర్వాత?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. ఆవిడ మీద కోపం వచ్చిన క్షణంలోనే జాలి కూడా వేసింది. ఆ పిల్లని నాకంటే ఎక్కువ ఎత్తుకు తిరిగింది ఆవిడే.

ఆ వేసవిలో మా ఆయనే ఒక ఉపాయం చేశారు. మిరపకాయల పనుల్లో సాయంగా ఉంటుందని చెప్పి వాళ్లమ్మని పెనుగంచిప్రోలులో ఆడపడుచు ఇంటికి ఆటోలో దింపి వచ్చారు. రవికల వాళ్లందరినీ సాయంత్రం రమ్మన్నాను. మధ్యాహ్నం తలుపు గడియ పెట్టేదాన్ని. లోపల నేను, పిల్ల, ముద్దపప్పు.

మొదట్లో నరకం. ఆకలేసి ఏడ్చేది, నా చెయ్యి పట్టుకుని తన నోటి దగ్గరకు లాక్కునేది. నోరు తెరుచుకుని అలాగే కూర్చునేది. నేను వెనక కూర్చుని దాని చేతి మీద నా చెయ్యి వేసి, బొటనవేలిని లేపి, ముద్ద నొక్కించి వదిలేదాన్ని. ముద్ద ఒళ్లో పడేది. మళ్లీ. మళ్లీ పడేది. ఒకరోజు నాకు సహనం చచ్చి పళ్లెం అవతలికి నెట్టేశాను. అది భయపడి బిక్కమొహం వేసింది. దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను. ఎందుకిదంతా, నేను బతికున్నన్నాళ్లు పెట్టుకుంటే పోలేదా అనిపించింది. నేను బతికున్నన్నాళ్లు అనే మాట దగ్గరికి వచ్చేసరికి మళ్లీ లేచి పళ్లెం దగ్గరకు లాగాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నా చెయ్యి దాని మీద లేదు. మిషను మీద సగం కుట్టిన రవిక ఉంటే దారం తెంపడానికి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి పిల్ల మెతుకుల్ని దగ్గరకు లాగుతోంది. బొటనవేలు లేచింది. వంకరగా, వణుక్కుంటూ, కానీ లేచింది. సగం ముద్ద గడ్డం మీద పడింది, సగం నోట్లోకి వెళ్లింది. నమిలి మింగి నా వైపు చూసింది. నేను కదల్లేదు. కదిలితే ఎక్కడ మానేస్తుందో అని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. అది మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఆ ఏడాది మొత్తంలో నేను సంతోషపడిన పూట అదొక్కటే.

బడి తెరిచేనాటికి ముద్దపప్పన్నం తనంతట తను తినేది. ఎక్కువసేపు పట్టేది. ఒళ్లంతా చేసుకునేది. అయినా కడుపు నింపుకునేది. నందిగామ మేడమ్ ఫోనులో వీడియో తీసుకుని పదిమందికీ చూపించింది. అత్తగారు కూడా తిరిగొచ్చారు, చూసి కళ్లు తుడుచుకున్నారు. "ఇంతసేపు తింటే అన్నం చల్లారిపోదూ" అని మాత్రం అన్నారు.

హెడ్ మేడమ్ ఒక రోజు మధ్యాహ్నం భోజనానికి తీసుకురమ్మన్నారు. తల్లి కనిపిస్తే పిల్లలు మారాం చేస్తారని నన్ను గేటు బయట ఉండమన్నారు. అక్కడి నుంచి వరండా కనిపిస్తుంది. పిల్లలంతా వరసగా కూర్చుని క్యారియర్లు విప్పుకున్నారు. మా అమ్మాయి ముందు నేను పంపిన పళ్లెం, ముద్దపప్పన్నం. హెడ్ మేడమ్ ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

పిల్ల ఒకసారి చుట్టూ చూసింది. చెయ్యి పళ్లెంలో పెట్టింది. మొదటి ముద్ద గౌను మీద పడింది. రెండోది నోట్లోకి వెళ్లింది. నేను గేటు ఊచలు పట్టుకుని దేవుళ్లందరినీ పిలిచాను. మూడోది కూడా వెళ్లింది.

అప్పుడు ఆయా వచ్చింది. పెద్దావిడ, మా అత్తగారి ఈడుది. గౌను మీద మెతుకులు చూసి నొచ్చుకుంది. "అయ్యో, నా బంగారుతల్లీ! ఇట్టా తింటే ఎప్పటికవుద్దే నీ అన్నం?" అంటూ పక్కన చతికిలబడింది. తన కొంగుతో పిల్ల చెయ్యి శుభ్రంగా తుడిచి ఒళ్లో పెట్టింది. పళ్లెం తన వైపు లాక్కుని గబగబా ముద్ద కలిపింది.

"అమ్మా, పెట్టొద్దు! పెట్టొద్దమ్మా, అది తింటుంది!" అని గేటు దగ్గర నుంచి అరిచాను. పిల్లలంతా నా వైపు తిరిగారు. ఆయా కూడా తిరిగి చూసి, "నువ్వు కన్నతల్లివేనా అమ్మా? పసిదానికి ముద్ద పెడతంటే వద్దంటావేంది?" అంది.

మా అమ్మాయి నోరు తెరిచింది. ముద్ద ఎదురుగా కనిపిస్తే నోరు తెరవడం దానికి మేమంతా కలిసి ఆరేళ్లు నేర్పాం. నేను గడియ పెట్టి నేర్పింది ఒక్క వేసవి. చెయ్యి ఒళ్లో పెట్టుకుని హాయిగా తింది. పళ్లెం క్షణాల్లో ఖాళీ అయింది.

హెడ్ మేడమ్ గేటు దాకా వచ్చారు. "తను తింటుందండి, మీరే చూశారు కదా" అన్నాను.

"చూశానమ్మా. ఎవరన్నా పెడితే తన చెయ్యి ఆపేయడం కూడా చూశాను. రేపటి నుంచి పెట్టొద్దని మా ఆయాకి చెప్పినా ఆవిడ వినదు. ఆవిడ మనసు అలాంటిది. రోజూ ఈ పిల్ల దగ్గరే కూర్చుంటే ఇక మిగతా పిల్లల్ని ఎవరు చూసుకుంటారు చెప్పండి? ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచండి."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆయాని తిడదామనుకుంటే అప్పటికే ఆవిడ మా పిల్ల మూతి కడిగి, జుట్టు సర్ది, చెయ్యి పట్టుకుని నా దగ్గరకు తీసుకొస్తోంది. చెడ్డవాళ్లెవరైనా ఉంటే బాగుండేది, కసితీరా తిట్టి ఇంటికి వెళ్లేదాన్ని.

ఇంటి దగ్గర అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. నా మొహం చూడకుండానే పిల్లని ఒళ్లోకి లాక్కున్నారు.

"కడుపు నిండా తిందా?"

"తింది."

"గౌను మీద ఎక్కువ పడలేదే. ఎవరన్నా పెట్టారా?"

"ఆయా పెట్టింది" అన్నాను.

అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఎవరో మా తల్లి! ఆవిడ చల్లగుండాల. నేను పొద్దుటి నుంచి ఇదే బెంగ పెట్టుకున్నా, ఎవరు పెడతారో ఏమో అని. మనం లేకపోయినా ముద్ద పెట్టేవాళ్లు ఉంటారమ్మాయ్, నువ్వూరికే హడలిపోతావు" అన్నారు.

ఆ సాయంత్రం పళ్లెంలో ముద్దపప్పన్నం పెట్టి పిల్ల ముందుకు జరిపాను. అది చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచింది. నేను చాలాసేపు చూశాను. అన్నం చల్లారిపోయింది. అత్తగారు నా వంక చూసి, చెయ్యి కడుక్కొచ్చి ముద్ద కలిపారు. ముద్ద ఎత్తేటప్పుడు ఆవిడ చెయ్యి కూడా వణుకుతోంది. డెబ్బై దాటాయి ఆవిడకి. నాలుగు మెతుకులు పిల్ల గౌను మీద రాలాయి.