నాంచారమ్మ మోకరించని రోజు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నా భార్య మార్తమ్మ విషజ్వరంతో బెజవాడ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడివున్న వారంలోనే నా ఉద్యోగం పోయింది! ఉద్యోగంతో పాటు బడి కాంపౌండులో ఇచ్చిన ఇల్లూ పోయింది, చంటిపిల్లను చంకనేసుకొని ఎక్కడికి వెళ్ళాలో తెలియక కాలవగట్టు మీద నిలబడ్డాను, ఆ చీకటిలోంచి నా దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పడానికే ఈ వేళ మీ ముందు నిలిచాను.

ఈ సంగతి ఇన్నేళ్ళూ డైరీలోనే ఉంచుకున్నాను. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన ఆదివారం మన కమిటీలో ఒక తీర్మానం రాశారు: మన సంఘం బడిలో చేరే ప్రతి బిడ్డా ఉదయ ప్రార్థనలో మోకరించి తీరాలి, లేకపోతే చేర్చుకోకూడదు అని. తోటి పెద్దలందరూ సంతకం పెట్టారు, ఆ బడిలోనే రోజూ హాజరు వేసే నేను పెట్టలేదు. పెట్టను కూడా. కోపం వచ్చేవారికి రానివ్వండి, కానీ ముందు నా సాక్ష్యం వినండి.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. బెజవాడకు పడవలో పూట ప్రయాణం దూరంలో, కాలవ పక్కన ఉన్న ఒక నేతపేటలో మన మిషను వాళ్ళ బడికి నేను హెడ్మాస్టరుని. పిల్లల్లో సగానికి పైగా నేతవారి పిల్లలు. నేతవారు తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు దారాలు చాపి గంజి పెడతారు, ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి, దానికి ఇంటిల్లిపాదీ ఒక చెయ్యి వెయ్యాలి. అందుచేత ఆ పిల్లలు ప్రార్థన అయిపోయాక చేతులకు గంజి మరకలతో పరుగెత్తుకుంటూ వచ్చేవారు, నేను అప్పుడే హాజరు పిలిచేవాణ్ణి.

బడి మేనేజరు గారు బెజవాడలో ఉండే పాస్టరు గారు. నిజంగా భక్తిపరులు, కానీ పట్టుదల మనిషి. పిల్లలు ప్రార్థన ఎగ్గొట్టడానికే ఆలస్యంగా వస్తున్నారని ఆయనకు ఎవరో చెప్పారు. పడుగు సంగతి నేను వివరిస్తే ఆయన నవ్వి, "వాన పడ్డ రోజు వీధిలో పడుగు చాపరు కదా మాస్టారూ? ఆ రోజే వస్తాను. ఎవరు పని కోసం ఆగారో, ఎవరు ప్రభువు నుంచి పారిపోతున్నారో అప్పుడే తేలుతుంది" అన్నారు. 

ఈలోగా మార్తమ్మకు జ్వరం వచ్చింది. పడవలో బెజవాడ తీసుకువెళ్ళి మన వాళ్ళ ఆసుపత్రిలోనే చేర్చి, తోడుగా మా అత్తగారిని ఉంచి వచ్చాను. తరువాత మూడో నాడు, రాత్రి పట్టిన పెద్ద వాన తెల్లారినా వదల్లేదు! మేనేజరు గారు రాత్రి పడవకే బయలుదేరి, గొడుగు వేసుకొని, పంచె మోకాళ్ళ దాకా తడిసి, అన్నట్టే వచ్చారు.

ఆ రోజు పిల్లలందరూ వేళకే వచ్చారు. ప్రార్థనకు గంట కొట్టగానే అందరూ మోకరించారు, నేతవారి పిల్లలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వంగారు. ఒక్క పిల్ల మాత్రం నిలబడే ఉంది. సాంబయ్య అనే నేతగాడి కూతురు, పేరు నాంచారమ్మ.

"ఏమ్మా, మోకాళ్ళు నొప్పా?" అని అడిగారు మేనేజరు గారు.

"నొప్పేం లేదండి. మా నాన్న వద్దన్నాడండి."

"మరి దేవుడికి దణ్ణం పెట్టవా?"

"పొద్దున్నే మా ఇంటికాడ పెట్టుకునే వచ్చానండి. మళ్ళీ ఇక్కడ ఉత్తుత్తికి పెడితే ఆయనకి కోపం రాదా అండీ?"

పిల్లలు కిసుక్కుమన్నారు. మేనేజరు గారి మొహం ఎర్రబడింది. "ఈ పిల్ల పేరు రిజిస్టర్లోంచి తీసెయ్యండి మాస్టారూ."

"తియ్యనండి అయ్యగారూ."

"మీరు క్రైస్తవులేనా?"

"క్రైస్తవుణ్ణి కాబట్టే తియ్యనండి. ఆ పిల్ల అబద్ధంగా మోకరించనంది. మిగతావాళ్ళు మనల్ని చూసి భయపడి మోకరించారు. ఇందులో ప్రభువుకి ఏది ఇష్టమో మీరే చెప్పండి."

 ఆయన గొడుగు నీళ్ళు విదిలిస్తూ నెమ్మదిగా, "మార్తమ్మ మన ఆసుపత్రిలోనే ఉంది కదూ?" అన్నారు.

సహోదరులారా, అంతే అన్నారు! మార్తమ్మ మంచం ఆయన చేతిలో ఉందని నాకు అర్థమైంది. అయినా ఆ రోజు డైరీలో రాసుకున్నది ఒక్క మాటే: పేరు ఉంది. ఆ వారంలోనే నన్ను తీసేస్తూ ఉత్తరువు వచ్చింది, మా చంటిపిల్ల కరుణను ఎత్తుకొని ఇల్లు ఖాళీ చేశాను, ఆ కాలవగట్టు మీదే కళ్ళు మూసుకొని, "ప్రభువా, నీ పేరు మీద ఒక బిడ్డను బెదిరించలేకపోయాను, అది తప్పయితే నన్ను కొట్టు, మార్తమ్మను మాత్రం కొట్టకు, తప్పు కాకపోతే నా భయం తీసెయ్యి" అని అడిగాను. కళ్ళు తెరిస్తే పడవ వచ్చి ఆగింది. నా భయం పోయింది! మనుషులంటే నాకున్న భయం ఆ గట్టు మీద పోయింది, మళ్ళీ ఈ నాటి దాకా రాలేదు.

ఆసుపత్రిలో మంచం ఖాళీ చెయ్యమంటారేమో అని డాక్టరమ్మగారిని అడిగితే ఆవిడ విసుక్కున్నారు. "ఇది జ్వరాల వార్డు మాస్టారూ, మీ కమిటీ ఆఫీసు కాదు. వెళ్ళి గ్లూకోజు తెండి." మార్తమ్మకు తెలివి వచ్చాక జరిగిందంతా చెప్పాను. నీరసంగా అడిగింది: "ఆ పిల్ల పేరు ఉంచారా?" ఉంచానన్నాను. "అయితే బతుకుతాను లెండి" అంది. బతికింది! దేవునికే స్తోత్రం.

ఇల్లు లేని మాకు సాంబయ్య తన మగ్గాల పాకలో సగం ఇచ్చాడు. "రాత్రిపూట లేచి మగ్గం గుంటలో పడేరు మాస్టారూ, మళ్ళీ మిమ్మల్ని తియ్యడానికి మేనేజరు గారిని పిలవాలి" అని ఎగతాళి చేసేవాడు. అక్కడే పిల్లలకు చదువు చెప్పాను. రోజూ మొదలుపెట్టక ముందు ఓ మూల నా ప్రార్థన నేను చేసుకునేవాణ్ణి, ఎవరినీ రమ్మనలేదు, ఎవరినీ పొమ్మనలేదు.

స్వరాజ్యం వచ్చాక అదే పేటలో బోర్డు స్కూల్లో నాకు పని దొరికింది. కొత్త హెడ్మాస్టరు గారు ఉత్సాహవంతుడు, మంచివాడు. సరస్వతీదేవి పటం పెట్టించి, రోజూ ఉదయం పిల్లలందరూ దాని ముందు చేతులు జోడించి పాడాలన్నారు. మా కరుణ మర్యాదగా నిలబడింది, చేతులు జోడించలేదు. రేపటి నుంచి జోడించకపోతే బడికి రావద్దన్నారు ఆయన. నేను వెళ్ళి అడిగితే, పెద్దల ముందే తేలుద్దామని తల్లిదండ్రులను పిలిపించారు. ఆ గదిలో మేము తప్ప క్రైస్తవులెవరూ లేరు.

నేను లేవబోతుంటే సాంబయ్య నా భుజం నొక్కి కూచోబెట్టాడు. "ఉండండి మాస్టారూ, మీరు మాట్లాడితే మీ మతం మాట్లాడిందంటారు" అని హెడ్మాస్టరు గారి వైపు తిరిగాడు. "అయ్యా, నేను రోజూ ఆ తల్లికి దణ్ణం పెట్టేవాణ్ణే. కానీ నా కూతుర్ని ఈయన వంచలా. వంచనన్నందుకు కూడు పోగొట్టుకున్నాడు. ఇవాళ ఈయన కూతుర్ని మీరు వంచితే, నేను రేపు ఏ మొహం పెట్టుకొని ఆ తల్లికి దణ్ణం పెట్టనండీ?"

 హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగి, "నిలబడితే చాలు" అన్నారు. కరుణ ఆ బడిలోనే చదువు పూర్తి చేసింది.

సాంబయ్య క్రైస్తవుడు కాలేదు, సహోదరులారా. కథ అలా ముగిస్తే మీకు బాగుండేది, కానీ జరగనిది నేను సాక్ష్యంగా చెప్పను. ఆయన కోసం నేను తలుపు వేసుకొని ప్రార్థిస్తూనే ఉన్నాను. ఆయనకు తెలుసు, నవ్వుతాడు, "కానివ్వండి" అంటాడు. గదిలోకి వెళ్ళి రహస్యంగా ప్రార్థించమని నేర్పిన ప్రభువు, తలుపు దగ్గర నిలబడి తట్టే ప్రభువు, తలుపు బద్దలుకొట్టుకొని ఏ బిడ్డ హృదయంలోకీ రాడు. ఆయన చెయ్యని పని ఆయన పేరు మీద చెయ్యడానికి మనమెవరం?

ఆ తీర్మానం నెగ్గితే నెగ్గనివ్వండి. పెద్దరికం నుంచి నన్ను తీసేస్తారేమో, ఇదివరకు తీసేసిన వాళ్ళున్నారు, అప్పుడు నన్ను ఎత్తుకున్న దేవుడు ఇప్పుడూ ఉన్నాడు! భయంతో కుమిలిపోతున్నవాళ్ళు ఎవరైనా మీలో ఉంటే ఆయన్ని నమ్మండి, ఒక్కసారి నమ్మి చూడండి. రేపు ఉదయం గంటకు ముందు మన బడి పక్క చిన్న గదిలో నేను మోకాళ్ళ మీద ఉంటాను. తలుపు తీసే ఉంటుంది. రావాలనిపించిన బిడ్డ వస్తుంది, రాని బిడ్డకు కూడా హాజరు వేస్తాను. మహిమ నా దేవునికే కలుగును గాక, ఆమేన్.