ఇప్పచెట్ల కింద నిప్పు

కొండ కాలుతోందంటే మా ఇంట్లో ఎవరూ లేచి చూసేవారు కాదు. కల్యాణసింగ్‌పూర్‌లో మా పెరట్లో నిలబడితే నియమగిరి కొండల వరస కనిపిస్తుంది. శివరాత్రి దాటాక ఆ వరసలో ఎక్కడో ఒకచోట పొగ లేచేది. ఆరేసిన బట్టల మీద మసి పడితే అమ్మ విసుక్కుంటూ వాటిని లోపల వేసేది. అంతకుమించి ఆ మంటతో మాకు సంబంధం లేదనుకునేవాళ్లం.

నాన్నది కిరాణా కొట్టు. దాంతోపాటు కొండ సరుకు కొనేవాడు: చింతపండు, కొండచీపుర్లు, ఇప్పపువ్వు. నేను రాయగడలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా, సెలవులకి వచ్చినప్పుడు ఒకరోజు నాన్నతో వ్యానులో కొండ కింది ఊరికి వెళ్లాను. మేం సరుకు తీసుకునేది కోందు తెగకి చెందిన ఒక ముసలమ్మ దగ్గర. నాన్న ఆవిడని అక్క వరసలో అప్పా అనేవాడు. ఆవిడ నాన్నని సావుకారీ అనేది. ఏళ్ల తరబడి సంతలో మసలడంతో ఆవిడకి మా తెలుగు బాగానే వచ్చు.

నాన్న పువ్వు దోసిట్లోకి తీసుకుని చూసి, "ఆకులు లేవు, బాగుంది" అన్నాడు.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకులుంటే ఏరడం కష్టం. అందుకని ముందురోజే చెట్టు కింద ఆకులు కాల్చేస్తారు. ఆ సంగతి ఆవిడే నాకు చెప్పింది. "మా సిన్నప్పుడు పోడుకి నిప్పెడితే ఊరంతా కలిసి పెట్టేవోళ్లం. సుట్టూ గడ్డి సెక్కి గీత తీసి, గాలి సూసి, ఆరినదాకా అక్కడే కూకునేవోళ్లం. ఇప్పుడు ఎవరి సెట్టు కింద ఆళ్లే పెట్టి ఎల్లిపోతన్నారు."

ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుండగా గాలి తిరిగింది. ఊరికి పైన ఒక ఇప్పచెట్టు కింద ఎవరో పెట్టిన మంట పక్కనున్న ఎండు వెదురు పొదకి అంటుకుంది. వెదురు కణుపులు టపటపా పేలాయి. మంట ఎండుగడ్డి పట్టుకుని ఊరివైపు దిగింది. ఆడవాళ్లు పిల్లల్ని, మేకల్ని వాగువైపు తోలారు. మగవాళ్లు చాలామంది కూలికి పోయివున్నారు.

ముసలమ్మ పొయ్యిలోంచి కొరివి లాక్కుని పైకి నడిచింది. ఆఖరి ఇల్లు దాటాక, ఊరికీ మంటకీ మధ్యనున్న గడ్డికి తనే నిప్పు పెట్టింది.

"అప్పా! నీకేటి మతిపోయిందా?" అని నాన్న అరిచాడు.

"అరవకు సావుకారీ. పచ్చికొమ్మ ఇరుసుకుని నా పక్కన నిలబడు. ఇటేపు వస్తే కొట్టు. నువ్వూ కొట్టమ్మీ."

కొట్టాం. నా కళ్లు మండి ఏమీ కనిపించలేదు. ఆవిడ పెట్టిన మంట ఊరివైపు రాబోతే మేం కొమ్మలతో ఆర్పుతూ పోయాం. రెండోవైపు అది గడ్డిని తినుకుంటూ పైకి పాకింది. పైమంట దిగివచ్చేసరికి కాలడానికి అక్కడ గడ్డి మిగల్లేదు. ఒక పశువుల పాక, మూడు ఇప్పచెట్లు పోయాయి. ఇళ్లు దక్కాయి.

పొగ చూసి అటవీశాఖ గార్డు బండి మీద వచ్చాడు. అక్కడ జరిగినవి ఒడియా మాటలే అయినా నాకు తెలుగులోనే గుర్తున్నాయి. నిప్పు ఎవరు పెట్టారని అడిగాడు. ముసలమ్మ చేతిలో కొరివి ఇంకా ఉంది. "నేనే పెట్టేను" అంది. గార్డు పుస్తకం తీసి ఆవిడ పేరు రాసుకోబోయాడు.

ఖాకీ బట్టలు కనిపిస్తే ముందు కుర్చీ వేసి తర్వాత మాట్లాడే మనిషి మా నాన్న. ఆరోజు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అది ఊరు కాపాడ్డానికి పెట్టింది సార్. ముందు అంటుకున్నది ఇప్పచెట్టు కింద. అది నేను పెట్టించినట్టే."

"మీరా? ఎలాగ?"

"ఆకులున్న పువ్వు నాకొద్దని ఏటేటా సెప్పేది నేనే కదా. ఆకులు కాల్సకపోతే అంత సుబ్బరమైన పువ్వు ఎక్కడ్నించి వస్తాది? ఈవిడ పేరు రాస్తే కింద నా పేరూ రాయండి."

గార్డు ఎవరి పేరూ రాయలేదు. ఇంకోసారి ఇలా జరిగితే వదలనని చెప్పి పుస్తకం మూసేశాడు.

వ్యాను ఎక్కాక నాన్న "అమ్మీ, మీ అమ్మకి సెప్పకు" అన్నాడు. మా జుట్టు వాసనకే అమ్మకి తెలిసిపోయింది. మొత్తం విని, కాల్చడం ఎందుకు, చెట్టు కింద ఏదైనా పరిస్తే సరిపోదా అంది. అమ్మ పుట్టిల్లు భీమిలి దగ్గర. "మా ఊర్లో సిరిగిన వలలు గట్టు మీద పడుంటాయి. తమ్ముడికి సెప్తాను, పంపుతాడు" అంది.

మరుసటి ఏడు రెండు మూటల వలలు వచ్చాయి. కొండ ఆడవాళ్లు చేపల వాసన చూసి పడీపడీ నవ్వారు. వాగులో ఉతికి ఆరబెట్టారు. మొదటి ఏడు ముసలమ్మ వలతో కూరపాదుల చుట్టూ దడి కట్టింది. ఒక ఇంట్లో మేకపిల్ల వలలో చిక్కుకుంటే కోసి తియ్యాల్సివచ్చింది. రెండో ఏడు ఆవిడే ముందుగా తన చెట్టు కింద పరిచింది. పువ్వు దులిపి ఎత్తుకోవడం ఏరడంకంటే తేలికని తెలిశాక మిగతావాళ్లూ అడిగారు.

నేనిప్పుడు కొరాపుట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ముసలమ్మ పోయింది. పోయిన చైత్రంలో నాన్నతో ఆ ఊరికి వెళితే ఆవిడ కోడలు చెట్లు చూపించింది. ఊరి దాపునున్నవాటి కింద వలలున్నాయి. పైవాటి కింద నేల నల్లగానే ఉంది. అంత దూరం వలలు మోసుకెళ్లలేమని, అవి పక్క ఊరివాళ్లూ ఏరుకునే చెట్లని చెప్పింది. కొండ మీద నాలుగుచోట్ల పొగ కనిపిస్తూనే ఉంది.

నాన్న ఆకులున్న పువ్వు కూడా తీసుకుంటున్నాడు. ఇంటికి తెచ్చి, వసారాలో కూర్చుని జల్లెడ పడతాడు. అమ్మ గొణుక్కుంటూనే రెండో జల్లెడ పట్టుకుంటుంది.