చెవులాయన కొత్త పెట్టె

ఆస్పత్రిలో ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అందరికీ చెవులాయన. ఇరవై రెండేళ్ళుగా మనుషుల వినికిడి పరీక్షించడం ఆయన ఉద్యోగం. గోడలకి మెత్త అతికించిన చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చి, "కూత వినపడినప్పుడల్లా నొక్కండి" అని అద్దానికి ఇవతల కూర్చుంటాడు. కొందరు పెద్దమనుషులకి చెముడుందని ఒప్పుకోవడం నామోషీ. అంచనా మీద నొక్కుతూ పోతారు. అలాంటివారి కోసం చెవులాయన మధ్యమధ్య ఏ కూతా వెయ్యకుండా ఊరుకుంటాడు. వాళ్ళు నొక్కుతారు. ఆయన కాగితం మీద "నమ్మదగదు" అని రాసి, తలుపు తీసి, "వినపడనిది విన్నామంటే వైద్యం దేనికి చెయ్యమంటారండీ" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. కొందరికి ప్రశ్న వినపడలేదు.

ఇంతటి ధర్మమూర్తికీ ఒక బలహీనత ఉంది. పాటలు. ఇంటి ముందు గదిలో రెండు నిలువెత్తు స్పీకర్లు, ఒక ఆంప్లిఫైయర్, ఇంటర్నెట్ నుంచి పాటని అందుకుని ఆంప్లిఫైయర్‌కి అప్పగించే స్ట్రీమర్ పెట్టె ఒకటి ఉండేవి. పెట్టె బుద్ధిగా పనిచేస్తోంది. ఆయన బుద్ధే పనిచెయ్యడం మానేసింది. ఎక్కడో ఏదో చదివి, దానికి ఇరవై రెట్లు ఖరీదైన కొత్త స్ట్రీమర్ కొనుక్కొచ్చాడు. ఇటుకంత బరువు, అద్దంలాంటి ముఖం. చేసే పని మాత్రం అదే.

ఆయన బావమరిది ఇళ్ళకి ఇంటర్నెట్ తీగలు లాగే మనిషి. పెట్టె చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి అన్నాడు: "బావా, అదే పాట, అదే తీగ, తీగలో వచ్చేవి అవే అంకెలు. పోస్టుమాన్ కొత్త కోటు తొడుక్కొస్తే ఉత్తరంలో అక్షరాలు మారతాయా?"

"కోటు తొడుక్కునేవాడు ఉత్తరాన్ని నలపడు."

"అక్కా, మీ ఆయనకి ఇన్నాళ్ళూ నలిగిన పాటలు వినపడుతున్నాయట."

అక్క నవ్వలేదు. ఆవిడకి నవ్వే పరిస్థితి లేదు. ఆవిడ బట్టలు కుడుతుంది. పెళ్ళైన నాటి నుంచీ కుట్టుమిషను ముందు గదిలో పెద్ద కిటికీ కిందే ఉండేది. కొత్త పెట్టె అడుగుపెట్టిన రోజే మిషను మోటారు వల్ల దానికి అలజడి కలుగుతుందని చెవులాయన కనిపెట్టాడు. కుట్టుమిషనుతోపాటు బట్టల మూటలకీ, హ్యాంగర్లకీ, కిటికీ తెరకీ కూడా దేశబహిష్కారం విధించాడు. అవన్నీ వంటింటి పక్క చీకటి గదికి చేరాయి. ఆ గదికీ ఓ కిటికీ ఉంది. తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపినంత దూరంలో.

ఆవిడ మూడు వారాలు ఓర్చుకుంది. నాలుగో వారంలో ఒక నల్ల కోటు తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"లోపలి గుడ్డ తిరగేసి కుట్టాను. నల్ల గుడ్డ, నల్ల దారం. పట్టపగలు బల్బు కింద గుడ్డిదానిలా తడుముకుంటున్నాను. మీ చెవుల కోసం నా కళ్ళు పోవాలా?"

"తేడా వినపడుతోందే. నేనేం చెయ్యను?"

"నిజంగా వినపడితే చీకట్లోనే కుడతాను, ఇంకెప్పుడూ అడగను. నిరూపించండి."

చెవులాయనకి పరీక్ష అంటే పెళ్ళిపిలుపు అందినట్టుంటుంది. వెంటనే తెల్లకాగితం తీసుకుని, రెండు రాజ్యాల మధ్య సంధిపత్రంలా షరతులు రాశాడు. ఒకటి, ఆయన కళ్ళకి గంతలు. రెండు, అదే పాట పదిసార్లు. మూడు, ఎప్పుడు ఏ పెట్టె మోగించాలన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. నాలుగు, ఏడుసార్లు సరిగ్గా చెబితే మిషను ఉన్నచోటే ఉంటుంది. చెప్పలేకపోతే మిషను ముందు గదికి, కొత్త పెట్టె తిరిగి దుకాణానికి. నచ్చకపోతే నెలలోగా వాపసు తీసుకుంటామని దుకాణంవాడు అన్నాడు, గడువింకా నాలుగు రోజులుంది. ఇద్దరూ సంతకాలు చేశారు. బావమరిది సాక్షి.

ఆదివారం మధ్యాహ్నం నల్ల కోటు తాలూకు మిగులు గుడ్డతో ఆయన కళ్ళు కట్టారు. వెనక ఆవిడ. పక్కన కాగితం, కలంతో బావమరిది.

పాట మొదలైంది. ఆగింది. "ఊఁ, చెప్పండి" అంది ఆవిడ.

"కొత్తది. గొంతు చుట్టూ గాలి ఆడుతోంది."

"ఫ్యానేమో బావా."

"నువ్వు రాయి."

రెండోసారి. "పాతది. వయొలిన్‌కి జలుబు చేసింది." మూడోసారి. "కొత్తది. పాడే ఆవిడ ఊపిరి తీసుకునే ముందు ఒక్క క్షణం ఆలోచించింది, విన్నారా?" ఎవరూ వినలేదు. అయిదోసారికి ఆయన పాట ముగిసేదాకా ఆగడం కూడా మానేశాడు. వేలెత్తి, వాసన చూసి కూరలో ఉప్పు చెప్పే వంటవాడిలా తీర్పులిస్తూ పోయాడు.

గంతలు విప్పారు. బావమరిది లెక్క చదివాడు: "కొత్తది ఆరు, పాతది నాలుగు."

ఆవిడ మడిచి ఉంచిన చీటీ విప్పి బల్ల మీద పెట్టింది. ఒకటి నుంచి పది దాకా ఒకే మాట. పాత, పాత, పాత.

చెవులాయన చీటీని తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు. పెట్టె వెనక చూశాడు. కొత్తదాని ప్లగ్గు పీకి ఉంది.

"పొద్దున్నే పీకాను" అంది ఆవిడ.

"ఇదేం పరీక్ష? అసలు మార్చనే లేదు."

"మూడో షరతు చదవండి. దస్తూరీ మీదే. అయినా ఇరవై రెండేళ్ళుగా భోజనాల దగ్గర మీరు చెప్పే కథే కదా. కూత వెయ్యకుండా ఊరుకుంటే నొక్కేవాళ్ళ కథ."

బావమరిది కలాన్ని బావ ముందుకి జరిపాడు.

ఆస్పత్రిలో తన గదిలో తడబడి నొక్కిన ముసలాళ్ళందరూ వరసగా కళ్ళముందు నిలబడ్డట్టనిపించింది చెవులాయనకి. వాళ్ళేమీ అబద్ధాలాడలేదేమో, నిజంగానే విన్నారేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. తర్వాత కలం తీసుకుని, తన జవాబుల కింద "నమ్మదగదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఉద్యోగధర్మం ఇంటి గడపలో ఆగిపోకూడదు కదా.

సాయంత్రానికి మిషను కిటికీ కిందికి చేరింది. మూటలు గోడ వారన పేర్చారు. స్పీకర్లకి ఎదురుగా హ్యాంగర్ల మీద పది పన్నెండు కోట్లు వేలాడదీశారు, కిటికీకి మళ్ళీ తెర కట్టారు. కొత్త పెట్టెని బావమరిది చంకన పెట్టుకుని దుకాణానికి మోసుకెళ్ళాడు.

మర్నాడు ఆవిడ సూది మార్చడానికి ఆగినప్పుడు, చెవులాయన అనుమతి అడిగి, పాత పెట్టె మీదే ఒక పాట పెట్టాడు.

మొదటి చరణంలోనే ఆయన నిటారుగా అయిపోయాడు. ఈ నాలుగు వారాలూ ఖాళీ గోడలకి తగిలి ఖంగుమన్న గొంతు ఇప్పుడు ఎదుట కూర్చుని పాడుతున్నంత నిదానంగా ఉంది. ఇది భ్రమ కాదు. గుడ్డ మోతని మింగుతుంది, ఆస్పత్రి గోడలకి మెత్త అతికించింది అందుకే. తేడా ఏనుగంత ఉంది. చెప్పబోయాడు. నమ్మేవాళ్ళెవరు?

"ఏమిటి?" అంది ఆవిడ తలెత్తకుండా.

"ఏం లేదు." కోట్ల వైపు చూశాడు. "అవి ఎప్పుడు పట్టుకెళ్తారు?"

"శుక్రవారం."

"తొందరేముంది" అన్నాడు చెవులాయన. "నింపాదిగా కుట్టు."