దుర్గక్క కారు కింద ఎర్రమరక

మా తోటికోడలు వెంకటదుర్గ గురించి నిడదవోలులో ఎవర్నైనా అడగండి, "ఆ కారు నడిపే ఆవిడేనా?" అంటారు. స్టేషన్ దగ్గర కర్రీ పాయింట్ పెట్టి ఏళ్ళవుతోంది, ఆవిడ గుత్తొంకాయ కూర తినని రైల్వే ఉద్యోగి లేడు. అయినా ఈ జనానికి ముందు కారే గుర్తొస్తుంది. ఆడది పొయ్యి దగ్గర ఎంతసేపు మాడినా వింత కాదు గానీ, స్టీరింగు పట్టుకుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూడాలి. చాల్లెండి సంబడం!

ఆ కారు మా బావగారు బుల్లిరాజు గారు మోజుపడి సెకండ్ హ్యాండులో కొన్నారు. కొన్న కొత్తలోనే కాలవగట్టు మీద రాయిని గుద్దేసి, తాళాలు మేక్కి తగిలించేశారు. ఆ మేకు మీంచి తాళాలు తీసింది మా దుర్గక్క. అంతకుముందు కూరలన్నీ ఆటోలో పట్టుకెళ్ళేది. రోడ్డు మీద గుంటలకి సాంబారు సగం ఆటోలోనే ఉండిపోయేది. ఒకసారి కాలి మీద ఒలికిపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కారు నేర్చుకున్నాక గరిటెడు ఒలికింది లేదు. కారుంటేనే కర్రీ పాయింటు, కర్రీ పాయింటుంటేనే దుర్గక్క ఎవరినీ చెయ్యి చాచి అడక్కుండా బతికేది. అంతే.

అలాంటిది మొన్న వానాకాలంలో స్టీరింగు బిగుసుకోవడం మొదలెట్టింది. మలుపు తిప్పితే కుయ్యిమని మూలుగు. "భుజాలు పడిపోతున్నాయే బేబీ," అనేది అక్క నాతో. బావగారికి ఇంకేం కావాలి? "ఆడాళ్ళ డ్రైవింగ్ అంటే ఇంతే, నలిపి నలిపి పాడుచేసింది," అని అరుగు మీద కూచుని తీర్పు చెప్పేశారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. ఈయనేమో చక్కగా ఆడేవాళ్ళని ఓడంటారు! మెకానిక్ వీరాస్వామికి ఫోన్ చేస్తే, బండి మొహమైనా చూడకుండా "స్టీరింగు మొత్తం పోయుంటుందండి, అమ్మేసుకోండి," అన్నాడు. మా అత్తగారు పాపాయమ్మ గారు కూడా "అచ్చిరాని బండి, వదిలించుకోండి," అనేసి పాలకొల్లులో కూతురింటికి వెళ్ళిపోయారు. జంగారెడ్డిగూడెం నుంచి గణేష్‌బాబు అనే ఆయన ఆదివారం వచ్చి బండి చూసుకుంటానన్నాడు. ఇన్ని మాటలు జరిగాయి గానీ, "నువ్వేమంటావు దుర్గా?" అని అక్కని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ.

ఇక్కడ మా అత్తగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ మంగళవారం మంగళవారం కారుకి దిష్టి తీస్తారు. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో పట్టుకుని, కారు ముందు తిప్పి, ముందు చక్రం పక్కన పోసేస్తారు. అందుకని అక్కడ ఎర్రమరక ఎప్పుడూ ఉండేదే. తొక్కకుండా పక్కనించి పోవడమే మాకు తెలుసు.

శుక్రవారం పొద్దున్న నేను వాకిలి కడుగుతున్నాను. అక్క వచ్చి చక్రం దగ్గర ఆగిపోయింది.

"ఏమే, మొన్న మంగళవారం అత్తయ్యగారు ఊళ్ళో లేరు కదా. దిష్టి నువ్వు తీశావా?"

"నేనెక్కడ తీశానక్కా? నువ్వేమో అనుకున్నాను."

"నాకంత తీరికెక్కడిదే!"

వంగి ఆ మరకని వేలితో రాసింది. జిడ్డు. వాసన చూసింది. "ఓసి దీని దుంపతెగా! దిష్టినీళ్ళు కావే ఇవి, ఆయిలు!" అంది.

ఎన్నాళ్ళ నుంచి కారుతోందో ఏమో! ఆయిలు పోతుంటే మేమంతా దిష్టి పోతోందనుకుని భక్తిగా తప్పుకుని నడుస్తున్నాం. బానెట్ ఎత్తి ఫోను లైటు వేసి చూస్తే స్టీరింగు తేలిగ్గా తిరగడానికి పోసే ఎర్ర ఆయిలు డబ్బాలో అడుగంటిపోయింది. దాని కింద, పంపు నుంచి స్టీరింగుకెళ్ళే పైపు చివర్న చిట్లి తడితడిగా ఉంది. "స్టీరింగు పోలేదే బేబీ, పైపు పోయింది. ఒట్టి పైపు!" అంది అక్క. ఒట్టి పైపుకి బండే అమ్మేస్తున్నారని కళ్ళలో నీళ్ళు, పైన పళ్ళు కొరకడం. నాక్కూడా ఏడుపొచ్చింది.

వీరాస్వామేమో వచ్చే వారం గానీ కుదరదన్నాడు. "అయితే నేనే మారుస్తాను," అంది. బావగారు నవ్వారు.

"నువ్వా? కూరలొండుకునేదానివి!"

"గ్యాసు పైపు ఎన్నిసార్లు మార్చాను? మీరెప్పుడైనా ముట్టుకున్నారా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"కాదు. అది పేలితే ఇల్లు పోతుంది. ఇది కారితే చీర పోతుంది."

ఆ చీర కూడా పోలేదు లెండి. బావగారి పాత ప్యాంటూ చొక్కా తొడుక్కుంది. జాకీ ఎత్తి, ముందు భాగం కింద గట్టి చెక్కదుంగలు దోపి, కదలట్లేదని ఊపి చూసుకున్నాక గానీ కిందకి దూరలేదు. "ఆయిలు పట్టడానికి ఆ పులిహోర బేసిను అందుకోవే," అంటే, "ఛీ ఛీ, నోట్లోకెళ్ళేదక్కా," అని నేను చిల్లుబకెట్టు మూతొకటి పట్టుకొచ్చాను. నట్టు తుప్పు పట్టి కదలదే! పానా జారి వేలి కణుపులు చెక్కుకుపోయాయి. అక్క కింద నుంచి ఆ నట్టుని, వీరాస్వామిని, మొగుణ్ణి వరసపెట్టి తిట్టింది. మూడోవాణ్ణి తిట్టినప్పుడు నట్టు ఊడింది. ఆయ్, నిజమండీ!

పాత పైపుని కూరల పార్సిల్ కవర్లో చుట్టుకుని రాజమండ్రి బస్సెక్కాం. షాపాయన పైపు చూసి, "మీ మెకానిక్ ఎవరమ్మా?" అన్నాడు.

"నేనేనండి. పైపివ్వండి."

ఆయన ఇచ్చిన మొదటి పైపుని పాతదాని పక్కన పెట్టి చూసి, "ఈ వంపు వేరండి, ఇంకోటి తియ్యండి," అంది. బీరకాయలేరుకున్నట్టు ఏరుకుంది.

శనివారం బిగించింది. ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాత పానాతో. నేను డబ్బాలో కొత్త ఆయిలు పోస్తుంటే, ఇంజను వెయ్యకుండా స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పింది, లోపలి గాలంతా బుడగలు బుడగలుగా పోయేదాకా. అప్పుడు స్టార్ట్ చేసింది. మూలుగు లేదు! నేను చప్పట్లు కొట్టబోయాను. టప్పున ఒక ఎర్రచుక్క కిందపడింది.

"చెప్పానా!" అన్నారు అరుగు మీంచి బావగారు.

అక్క ఇంజను కట్టేసి, వేడి తగ్గాక మళ్ళీ కిందకి దూరి ఊడదీసింది. కారకుండా నట్టు దగ్గర వేసే రాగి వాషరు పాతదే ఉంచేసిందట, కొత్తది ప్యాకెట్లోనే మిగిలిపోయింది. మార్చి బిగించి, కింద న్యూస్‌పేపరు పరిచింది. తెల్లారేసరికి పేపరు పొడిగా ఉంది.

ఆదివారం గణేష్‌బాబు మోటార్‌సైకిల్ గేటు బయట పెట్టి లోపలికొచ్చాడు. కార్లో కూచుని స్టీరింగు తిప్పి, "అబ్బో, ఒంటి చేత్తో తిరుగుతోందండీ!" అన్నాడు. బావగారు ఉబ్బిపోయి, "మరేంటనుకున్నారు! దగ్గరుండి చేయించాను," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్క కూరల గిన్నెలు వెనకాల సర్దింది. ముందుకొచ్చి, "దిగండి బాబూ, కూరలు చల్లారిపోతున్నాయి," అంది.

"అమ్ముతామన్నారు కదండీ?"

"ఆయనన్నారు. నేననలేదు."

"దుర్గా! పెద్దమనిషి అంత దూరం నుంచొస్తే..." అన్నారు బావగారు.

"వచ్చినందుకు భోజనం పెడతాను. కారు పెట్టను."

గణేష్‌బాబు దిగి గేటు బయట తన మోటార్‌సైకిల్ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. అక్క ఎక్కి స్టీరింగు ముందు కూచుంది. "ఉండండి, నేను మాట్లాడతాను," అని సైగ చేశారు బావగారు. అంతలో పొద్దున్నే పాలకొల్లు నుంచి దిగిన మా అత్తగారు లోపల్నించి వచ్చారు, మంగళవారం కాకపోయినా చేతిలో ఎర్రనీళ్ళ పళ్ళెంతో.

"చెప్పమ్మా! అచ్చిరాని బండి అన్నది నువ్వే కదా," అన్నారు బావగారు.

ఆవిడ కారు కింద పొడిగా ఉన్న పేపరు చూశారు. స్టీరింగు మీదున్న కోడలి చేతులు చూశారు, గోళ్ళనిండా నలుపు, కణుపులకి గంట్లు. పళ్ళెం కిటికీలోంచి అక్క మొహం ముందు తిప్పారు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంట్లోవాళ్ళ పాడు దిష్టి," అన్నారు. ఆ చివరిది కొడుకు వైపు చూసి మరీ అన్నారు. "ఇక నీ కారు కింద నేనేమీ పొయ్యనమ్మా. ఎరుపు కనపడితే ఆయిలే అనుకో. బయల్దేరు."

కారు గేటు దాటి, ఒక్క చేత్తో మలుపు తిరిగి స్టేషన్ వైపు వెళ్ళిపోయింది. మా అత్తగారు గేటు దాకా నడిచి, పళ్ళెంలో నీళ్ళన్నీ గేటుకి అడ్డంగా, ఈ చివర్నించి ఆ చివరికి పోసేశారు.

దిష్టినీళ్ళు దాటేవాళ్ళెవరండీ మా వైపు? గేటుకి అటు గణేష్‌బాబు, ఇటు మా బావగారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు గానీ, ఇద్దరిలో ఒక్కడూ కాలు లేపలేదు.